క్రోస్‌నెస్ట్ లేక్ చేప తినొచ్చా? (కొండ మీద బొగ్గు గని, కింద మన నీళ్లు)

గోదారోడు_లెత్‌బ్రిడ్జ్ · ఆగస్టు 5, 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మొన్న లాంగ్ వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని, ఇక్కడ కెనడాలో మా ఆల్బర్టా పడమటి అంచు కొండల్లో ఉన్న క్రోస్‌నెస్ట్ పాస్ వెళ్లాం. లైసెన్స్ ఉంది కదా అని లేక్ ఒడ్డున గాలం వేస్తే గంటన్నరకి ఒక చేప పడింది. మాది కోనసీమ, చేతికొచ్చిన చేపని వదిలే వంశం కాదు. మా ఆవిడ అప్పటికే ఉల్లిపాయలు తరిగేస్తోంది.

పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకాయన లేచొచ్చి, ఈ లేక్ చేప తినకు, సెలీనియం (రాళ్లలో ఉండే మూలకం, మోతాదు మించితే విషం) ఉంది, పాత బొగ్గు గని పుణ్యం అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పది అడుగుల లోతులో గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, నీళ్లు అంత తేటగా ఉన్నాయి. వరదొచ్చినప్పుడు ఎర్రనీళ్లలో చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగి పెరిగిన వాణ్ణి నేను. తేటనీళ్లంటే మంచినీళ్లే అనుకుంటాం కదా.

చేప ఫ్రీజర్‌లో ఉంది. అడిగేవి రెండే. ఆయన చెప్పింది నిజమేనా? పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా (బీసీ) వైపు అన్ని గనులున్నాయి కదా, ఆ నీళ్లు మా లెత్‌బ్రిడ్జ్ కుళాయిలోకి వస్తాయా?

పాత_కాల్గరీ · ఆగస్టు 5, రాత్రి 9:31

ముందు ఏ చేపో చూసుకున్నావా తమ్ముడూ? గొంతు కింద ఎర్రగా కత్తి గాటులా గీత ఉంటే అది కట్‌త్రోట్ ట్రౌట్. ఇక్కడి సొంత జాతి, అంతరించే ముప్పున్న జాబితాలో ఉంది. అదైతే సెలీనియం సంగతి తర్వాత, ముందు ఆఫీసర్ ఫైన్ రాస్తాడు.

గోదారోడు_లెత్‌బ్రిడ్జ్ · ఆగస్టు 5, రాత్రి 9:38

అది కాదన్నా. లేక్ ట్రౌట్. రూల్స్ చూసుకునే పట్టుకున్నాను, ఫొటో కూడా ఉంది.

నీళ్ల_సీసా · ఆగస్టు 5, రాత్రి 10:45

నా ఉద్యోగమే వాగుల్లో నీళ్లు సీసాలకి పట్టి ల్యాబ్‌కి పంపడం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు రెండో ప్రశ్న. రావు. హైవే 3 మీద ఆల్బర్టా నుంచి బీసీలోకి దాటేచోట బోర్డు ఉంటుంది చూడండి, ఖండాన్ని రెండుగా చీల్చే గట్టు అదే. దానికి తూర్పున పడ్డ చినుకు క్రోస్‌నెస్ట్ నది, ఓల్డ్‌మన్ రిజర్వాయరు, ఓల్డ్‌మన్ నది మీదుగా మీ ఊరు వస్తుంది. పడమటన పడ్డది ఎల్క్ నదిలో కలిసి కూకనూసా అనే పెద్ద రిజర్వాయరులోకి, అక్కడి నుంచి అమెరికాలోని మోంటానా, ఐడహో తిరిగి మళ్లీ కెనడాలోకి వచ్చి చివరికి కొలంబియా నదిలో కలుస్తుంది. స్పార్‌వుడ్, ఎల్క్‌ఫోర్డ్ దగ్గర నడుస్తున్న పెద్ద గనులన్నీ పడమటి వాలులోనే ఉన్నాయి. వాటి నీళ్లు మీకు రావు.

కానీ మీరు చేప పట్టిన లేక్ తూర్పు వాలులో ఉంది. దాని ఎగువన టెంట్ మౌంటెన్ అని పాత ఓపెన్ పిట్ (పైనుంచి తవ్వుకుంటూ పోయే) బొగ్గు గని ఉంది. 1983లోనే మూతపడింది. ఆల్బర్టా ప్రభుత్వ సైంటిస్టులే పరీక్ష చేస్తే క్రోస్‌నెస్ట్ లేక్ చేపల్లో సెలీనియం ప్రమాణాలకి మించి ఉందని తేలింది. మూతపడి నలభై ఏళ్లయ్యాక! ఆ పెద్దాయన చెప్పింది నిజమే.

ఇక తేటనీళ్ల సంగతి. సెలీనియం నీళ్లలో కరిగి ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చిల్లగింజకి లొంగేది బురద, ఇది కాదు. కొండలో బొగ్గు పొరల మధ్య ఉన్న రాతిలో కొద్దిగా ఉంటుంది. రాయి రాయిలా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. పేల్చి ముక్కలు చేసి గుట్ట పోస్తే గాలి తగులుతుంది, వానా మంచూ తగులుతాయి. అప్పుడు కరిగి దిగుతుంది. పేలుడు మందు తాలూకు నైట్రేటు కూడా దాంతోపాటే వస్తుంది.

ఓసీ_సర్వేయర్ · ఆగస్టు 6, ఉదయం 7:20

అమ్మాయి మంచిగ చెప్పింది. నేను ముప్పై ఏండ్లు తెలంగాణలో బొగ్గు గనుల్లో సర్వే పని చేసి రిటైరైన. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఎడ్మంటన్‌ల ఉంటున్న. గుట్ట గురించి ఒక ముచ్చట చెప్తా, చాలామందికి తెల్వదు.

డంపరు పైనుంచి మట్టీ బండలూ ఒంపుతది కదా. సన్నది పైననే ఆగుతది, పెద్ద పెద్ద బండలు దొర్లుకుంట అడుగుకి పోతయి. ఎవ్వరూ పేర్చకుండనే అడుగున పెద్ద బండల పొర ఒకటి తయారైతది. మధ్యన అన్నీ సందులే. కొండ గనుల్లో ఈ గుట్టని లోయలనే పోస్తరు, వేరే జాగ ఎక్కడుంది? లోయ అడుగున అసలుకే వాగు ఉంటది. ఆ వాగు బండల సందుల్లకెళ్లి పారి గుట్ట ఆఖర్ల బయటకొస్తది. పైనుంచి వాన, కింద వాగు, సందుల్ల గాలి. రాయిని కరిగియ్యడానికి ఇంతకంటె మంచి ఏర్పాటు మనమే కూర్చొని డిజైన్ చేసినా రాదు.

మా దిక్కు ఓసీలు (ఓపెన్‌కాస్ట్ గనులు) మైదానంల ఉంటయి, మా బాధ వేరే. మట్టి కొట్టుకపోవుడు. గుట్ట చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ తవ్వాలె, ఆ నీళ్లని సెట్లింగ్ పాండ్‌ల నిలబెట్టి బురద దిగినంక బయటకి ఇడువాలె. ఒక ఏడు డ్రెయిన్ పూడిక తియ్యకముందే తీసినట్టు రిపోర్ట్ మీద సంతకం పెట్టిన. మృగశిర కార్తెల మొదటి పెద్దవానకే గుట్ట జారి డ్రెయిన్ నిండింది, బురదంత పోయి కింద ఊరి కుంటల పడ్డది. ఊరోళ్లు కుంట కాడికి తీస్కపోయి చూపెట్టిన్రు. మోకాలి లోతు బూడిదరంగు బురద, దాంట్ల బర్రెలు దిగబడి ఉన్నయి. కంపెనీ పేరు చెప్ప. తప్పు నాది.

డంపర్_డాక్టర్ · ఆగస్టు 6, ఉదయం 8:05

నేను స్పార్‌వుడ్‌లో హాల్ ట్రక్కుల మెకానిక్‌ని. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిసారీ గని అంటే విలన్ అయిపోతుంది. ఇక్కడ తవ్వేది కరెంటు బొగ్గు కాదు, ఉక్కు బొగ్గు, అంటే కోకింగ్ కోల్. మీరు కట్టుకునే ఇంట్లో ఇనుము ఉంది, వైజాగ్‌లో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని మనవాళ్లు ప్రాణాలిచ్చారు. దానికీ బయటి దేశాల కోకింగ్ కోల్ కావాల్సిందే. ఎక్కడో అక్కడ తవ్వాలి కదండీ.

ఇంకోటి. శుద్ధి చేయట్లేదా? వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టారు. బ్యాక్టీరియాతో సెలీనియం పట్టే ప్లాంట్లున్నాయి. పాత పిట్‌లో రాయి నింపి నీళ్లతో ముంచి, గాలి తగలకుండా చేసి, అందులోని సూక్ష్మజీవులకి మేత వేస్తే అవే సెలీనియాన్ని కరగని రూపంలోకి మార్చి రాతికి పట్టిస్తాయి. నా ఫ్రెండ్ అక్కడే ఆపరేటర్, నేనూ లోపలికి వెళ్లి చూశాను.

నీళ్ల_సీసా · ఆగస్టు 6, మధ్యాహ్నం 12:40

డాక్టర్ గారూ, ప్లాంట్లు పనిచేస్తున్నాయి, కాదనను. వాటి దాకా మళ్లించిన నీళ్లలోంచి సెలీనియంలో చాలా భాగం పోతుంది. కానీ గుట్టల కిందనుంచి కారే ప్రతి చుక్కనీ పట్టి అక్కడికి మళ్లించడం అంత తేలిక కాదు. పైగా గుట్ట కరుగుతున్నంతకాలం ప్లాంటు నడవాలి. గనికి ఆయుష్షు ఇరవై, ముప్పై ఏళ్లు. గుట్టకి ఎంతో? టెంట్ మౌంటెన్ నలభై దాటింది, ఇంకా కారుతోంది.

గోదారోడు గారికి అంకెలు చెప్పాలి. కెనడాలో తాగేనీటికి సెలీనియం హద్దు లీటరుకి 50 మైక్రోగ్రాములు. నీళ్లలో బతికే జీవుల కోసం బీసీ పెట్టిన హద్దు 2. మోంటానా వాళ్లు కూకనూసాకి 0.8 పెట్టారు. అంటే లీటరుకి 10 ఉన్న వాగు అనుకోండి, మీరు గ్లాసుతో ముంచుకుని తాగినా సెలీనియం లెక్కలో ఇబ్బంది లేదు. ఆ వాగులో చేప పిల్లల్ని కనడానికి మాత్రం ఇబ్బంది.

ఎందుకంటే చేపకి సెలీనియం వచ్చేది ముఖ్యంగా తిండిలోంచి. నీళ్లలో చిటికెడు ఉంటే నాచు దాన్ని వందల, వేల రెట్లు ఒంట్లోకి లాక్కుంటుంది. నాచుని పురుగు తింటుంది, పురుగుని చేప తింటుంది. తల్లిచేప బాగానే కనిపిస్తుంది, పట్టుకుంటే బలంగా కొట్టుకుంటుంది కూడా. దాని ఒంట్లో సెలీనియం గుడ్లలోకి దిగుతుంది. పిల్లలు వెన్ను వంకరతోనో మొప్పల మూత సగమే ఉండో పుడతాయి, చాలావరకు బతకవు. ఒడ్డున చచ్చిన చేపలు కుప్పలుగా తేలవు. కొన్నేళ్లకి గాలం వేస్తే ఏమీ పడదు, అంతే.

పారే నీటికన్నా నిలవ నీటిలో ఇది ఎక్కువ. నాచూ పురుగూ అక్కడ తాపీగా పెరుగుతాయి కదా. లేక్‌లో చేప గురించి ఎక్కువ భయపడేది అందుకే.

షిల్లాంగ్_మాస్టారు · ఆగస్టు 6, మధ్యాహ్నం 2:15

మీరంతా కనబడని విషం గురించి మాట్లాడుతున్నారు. మేఘాలయలో మాకు కళ్లెదురుగా కనబడుతుంది. పన్నెండేళ్లుగా ఇక్కడే టీచరుగా ఉన్నాను. జైంతియా కొండల్లో ర్యాట్‌హోల్ బొగ్గు గుంతలున్నాయి, మనిషి పాకుకుంటూ వెళ్లేంత సొరంగాలు. అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ. దానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం తయారవుతుంది. వాగులు తుప్పు రంగులోకి తిరుగుతాయి. ఒకచోట రాళ్లన్నీ కుంకుమ పూసినట్టు ఉంటే మా పిల్లాడు అది గుడి మెట్లు అనుకున్నాడు!

చలికాలంలో వాన లేక నీరు తగ్గినప్పుడు లూఖా నది నీలం రంగులోకి మారుతుంది. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు, అందులో చేప లేదని వాళ్లకి తెలియదు. ఆ కొండల నుంచి వచ్చే పుల్లటి నీళ్లకి దిగువన అస్సాంలో కోపిలి జలవిద్యుత్ కేంద్రం యంత్రాలే తినేసి పోయాయి. ఇనుముకే ఆ గతి.

2014 ఏప్రిల్‌లో గ్రీన్ ట్రైబ్యునల్ ఈ ర్యాట్‌హోల్ తవ్వకాల్ని నిషేధించింది. అయినా 2018 డిసెంబర్‌లో క్సాన్ దగ్గర గుంతలోకి లైటిన్ నది నీళ్లు దూకి 15 మంది చిక్కుకుపోయారు. నిషేధం ఎంత బాగా అమలైందో ఇక చెప్పక్కర్లేదు.

కెనడాలో ఆమ్లం ఎందుకు రాదో ఎవరైనా చెప్తారా?

నీళ్ల_సీసా · ఆగస్టు 6, సాయంత్రం 6:30

మంచి ప్రశ్న మాస్టారూ. రాకీస్‌లో రాయి నిండా సున్నపు జాతి ఖనిజాలే. ఆమ్లం పుడుతుంది, పుట్టినచోటే సున్నం దాన్ని చంపేస్తుంది. బయటికొచ్చే నీళ్లు పుల్లగా ఉండవు, ఎర్రగా ఉండవు. సెలీనియానికి ఆ నీళ్లు బాగానే పడతాయి, కరిగి హాయిగా ప్రయాణం చేస్తుంది.

ఆ సున్నం ఇంకో పని కూడా చేస్తుంది. ఎల్క్ లోయలో ఒక చిన్న వాగులో శాంపిల్ కోసం దిగాను. నవంబరు, మైనస్ పదకొండు. సీసా నింపి, సిరంజితో ఫిల్టర్ లోంచి నీళ్లు నెట్టి, యాసిడ్ చుక్క వేసి, ఐస్ పెట్టెలో పెట్టాలి. ఫిల్టర్ మూతి చేతిలోనే గడ్డకడుతుంటే రెండుసార్లు చంకలో పెట్టుకుని కరిగించాను. సీసా నిలబెట్టడానికి ఒక రాయి కావలసి అడుగునుంచి తీయబోయాను. రాలేదు. పక్కది లాగాను, అదీ రాలేదు. బూటుతో తన్నినా కదల్లేదు. వాగు అడుగంతా ఒకటే పలక, రోడ్డు మీద కాంక్రీటు పోసినట్టు. గుట్ట కిందనుంచి వచ్చిన కాల్షియం బయట గాలి తగిలేసరికి రాళ్ల మీద పేరుకుని అన్నిటినీ అతికేసింది. ట్రౌట్ గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ల సందుల్లోనే, తోకతో గుంత తవ్వుకుని. ఇక ఎక్కడ తవ్వుతుంది?

డంపర్_డాక్టర్ · ఆగస్టు 6, రాత్రి 8:12

ఆ పలక నేనూ చూశానమ్మా. కాదనలేను. కొన్ని వాగుల్లో ఆ కాల్సైట్ (సున్నపు పలక) కట్టకుండా నీళ్లలో మందు కలుపుతున్నారు.

కానీ ఎల్క్‌లో కలిసే ఫోర్డింగ్ నది ఎగువన పెద్ద కట్‌త్రోట్ చేపలు 2017 నుంచి 2019 లోపు 93 శాతం తగ్గాయి అని అందరూ అంటారు కదా, అది ఒక్క సెలీనియం పని అని మాత్రం తేలలేదు. కంపెనీ పెట్టించిన సమీక్షలో ఆ ఏడాది చలికి నది బాగా గడ్డకట్టడం, చేపలు శీతాకాలం దాక్కునే మడుగులు చాలకపోవడం లాంటివి కలిసొచ్చాయన్నారు.

పాత_కాల్గరీ · ఆగస్టు 6, రాత్రి 8:50

దాక్కునే మడుగులు ఎందుకు చాల్లేదో కూడా అడుగు డాక్టరూ. లోయలు నింపింది చలికాలమా?

2021 మార్చిలో అప్పటి యజమాని టెక్ కంపెనీకి కోర్టు 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, 2012లో వదిలిన నీళ్లకి. ఫిషరీస్ చట్టం కింద అప్పటికి అదే అతిపెద్దది. 2024లో గనుల్లో 77 శాతం వాటా గ్లెన్‌కోర్‌కి అమ్మేశారు. నేరం 12లో, శిక్ష 21లో, 24లో యజమానే మారాడు. స్పార్‌వుడ్ ఊరి బావుల్లో ఒకటి 2014లో సెలీనియం వల్ల మూసేసిన సంగతి నీకు తెలిసే ఉంటుంది.

కొత్త_పీఆర్_2025 · ఆగస్టు 6, రాత్రి 9:02

అన్నా స్పార్‌వుడ్‌లో మెకానిక్ జాబ్స్ ఉన్నాయా? గంటకి ఎంత ఇస్తారు? బీసీలో రూరల్ పీఆర్‌కి పాయింట్లు వస్తాయా?

మోడరేటర్ · ఆగస్టు 6, రాత్రి 9:20

ఉద్యోగాల విభాగం వేరే ఉంది, అక్కడ అడగండి. పాత_కాల్గరీ గారూ, కాస్త మెల్లగా.

గోదారోడు_లెత్‌బ్రిడ్జ్ · ఆగస్టు 7, ఉదయం 6:45

చేప గురించి అడిగితే ఖండమంతా తిప్పారు, థాంక్స్. మరి గ్రాసీ మౌంటెన్ గొడవేంటి? పాస్‌లోని బ్లెయిర్‌మోర్‌లో కొందరు అక్కడ రాబోయే గనికి అనుకూలంగా, కొందరు వద్దని ఇళ్ల ముందు బోర్డులు పెట్టారు. అది మా నీళ్ల వైపే కదా?

పాత_కాల్గరీ · ఆగస్టు 7, ఉదయం 7:30

అవును, అది మీ వైపే. బ్లెయిర్‌మోర్‌కి ఉత్తరాన, బ్లెయిర్‌మోర్ క్రీక్, గోల్డ్ క్రీక్ మధ్యన ఉన్న కొండ. రెండు క్రీకులూ క్రోస్‌నెస్ట్ నదిలోకే. గోల్డ్ క్రీక్‌లో మనం మొదట చెప్పుకున్న కట్‌త్రోట్ ఉంది.

1976లో ఆల్బర్టా ప్రభుత్వం వాళ్లు ఈ ప్రాంతానికి బొగ్గు పాలసీ ఒకటి పెట్టారు, కొండ వాలుల్లో ఎక్కడ తవ్వొచ్చు ఎక్కడ కూడదు అని. 2020 జూన్‌లో ఎవరినీ అడక్కుండా ఎత్తేశారు. రాంచర్లు, జాలర్లు, ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి ఆదివాసులు), పాటలు పాడేవాళ్లు అందరూ మీదపడితే 2021 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టారు. అదే ఏడాది జూన్‌లో కేంద్ర, రాష్ట్ర ఉమ్మడి ప్యానెల్ గ్రాసీ ప్రాజెక్టు ప్రజాప్రయోజనం కాదంది. నీటి నాణ్యతకీ కట్‌త్రోట్‌కీ జరిగే నష్టం డబ్బు లాభం కన్నా ఎక్కువని చెప్పింది. సెలీనియాన్ని అంత బాగా పట్టేస్తామన్న కంపెనీ మాట నమ్మలేదు.

అయిపోయిందనుకున్నాం. కంపెనీ పేరు మారి నార్త్‌బ్యాక్ అయింది, మళ్లీ అప్లికేషన్ పెట్టింది. 2024 నవంబర్‌లో క్రోస్‌నెస్ట్ పాస్‌లో ఓటు పెడితే 72 శాతం దాకా సరే అన్నారు. తమాషా ఏంటంటే ఆ కొండ ఆ ఊరి పరిధిలో లేదు, పక్కన రాంచ్‌లాండ్ అనే మండలంలో ఉంది. అక్కడి పశువుల కాపర్లు వద్దంటున్నారు, వాళ్లని ఎవరూ అడగలేదు. 2025 మేలో డ్రిల్లింగ్ చేసి చూసుకోడానికి రెగ్యులేటర్ అనుమతి ఇచ్చింది. ఇంకా గని కాదు, చిల్లులే.

డంపర్_డాక్టర్ · ఆగస్టు 7, ఉదయం 10:10

ఆ 72 శాతాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాస్‌లో తాతల నుంచి బొగ్గే బతుకు. 1903లో కొండ విరిగి ఫ్రాంక్ ఊరి మీద పడినా, 1914లో హిల్‌క్రెస్ట్ గనిలో 189 మంది పోయినా ఆ ఊళ్లు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఉద్యోగం కావాలంటే పొద్దున్నే కారేసుకుని మా స్పార్‌వుడ్ రావాలి. మా షిఫ్ట్‌లో పాస్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది. గ్రాసీ మీద పాత తవ్వకాల గుంతలు 60ల నుంచి అలాగే వదిలేసి ఉన్నాయి. కొత్త గని వస్తే అవి కూడా సరిచేస్తారన్నది వాళ్ల ఆశ.

ఓసీ_సర్వేయర్ · ఆగస్టు 7, మధ్యాహ్నం 1:15

ఉద్యోగం మాట నిజమే బిడ్డ. మా గోదావరిఖని బొగ్గు లేకుంటే ఊరే లేదు. కానీ పాత గుంత పూడ్వడానికి కొత్త గుంత తవ్వుడంటే, పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు చేసినట్టు. కాగితం మీద లెక్క మంచిగనే కుదురుతది.

నాదొక్క సందేహం. గోదారోడూ, మీ ఓల్డ్‌మన్‌ల అసలు నీళ్లెన్ని? గనికి కడుగుడుకి, దుమ్ము కొట్టుడుకి చానా నీళ్లు కావాలె.

నీళ్ల_సీసా · ఆగస్టు 7, రాత్రి 7:50

బాబాయ్ గారూ, అసలు ముడి అక్కడే ఉంది. ఓల్డ్‌మన్ బేసిన్‌లో 2006 నుంచి కొత్త నీటి లైసెన్సులే ఇవ్వట్లేదు. ఉన్న నీళ్లన్నీ ఎప్పుడో పంచేశారు. ఎవరికైనా కొత్తగా కావాలంటే పాతవాళ్ల దగ్గర కొనుక్కోవాలి. 2024 మొదట్లో ఓల్డ్‌మన్ రిజర్వాయరు మూడో వంతు కూడా లేక తేలిపోయింది. అడుగున మట్టి పగుళ్లిచ్చింది, నేను నడిచాను.

నీళ్లు తగ్గితే ఇంకో చిక్కు. జూన్‌లో మంచు కరిగి వాగు పొంగినప్పుడు శాంపిల్ తీస్తే సెలీనియం అంకె చిన్నదిగా వస్తుంది, కలిసే నీరు ఎక్కువ కదా. అదే వాగులో ఫిబ్రవరిలో తీస్తే అంకె ఎగురుతుంది. అందుకే ఎవరైనా మీకు ఒక్క అంకె చూపించి చూడండి బాగుంది అంటే, ఏ నెలలో పట్టారని అడగండి. మా మేనేజరుకి ఆ ప్రశ్న నచ్చదు.

షిల్లాంగ్_మాస్టారు · ఆగస్టు 7, రాత్రి 8:30

మా లూఖా చలికాలంలోనే ఎందుకు నీలమవుతుందో ఇప్పుడు ఇంకా బాగా అర్థమైంది. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అంటారు. మీ సీసా ఫిబ్రవరిలో ఎరుగుతుందన్నమాట.

గోదారోడు_లెత్‌బ్రిడ్జ్ · ఆగస్టు 10, ఉదయం 8:20

అప్‌డేట్. చేప వండలేదు. చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక శుక్రవారం సాయంత్రం పెరట్లో టమాటా మొక్క మొదట్లో పాతాను. మా నాన్న కొబ్బరి చెట్టుకి అలాగే చేసేవారు. సెలీనియం టమాటాల్లోకి వస్తుందా అని ఇక్కడ అడుగుదామనుకుని పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే గుంత ఖాళీ. మొక్క పక్కకి ఒరిగి ఉంది. వాసనబట్టి స్కంక్ అని తేలింది. ఇంకా కిటికీలు తెరవలేదు.

నీళ్ల_సీసా · ఆగస్టు 10, ఉదయం 9:05

నాచు, పురుగు, చేప, స్కంక్. నేను చెప్పిన వరసలో మీరొక మెట్టు పెంచారు. ఒక్క చేపతో దానికేం కాదు, మీ టమాటాలకీ ఏం కాదు. మొక్కకి కర్ర కట్టండి.